తమ మీద తామే సాక్ష్యం

2023 ఆగస్టు మొదటి శనివారం సాయంత్రం. ఖరగ్‌పూరు పాత సెటిల్‌మెంటులో, పెంకుల మీద వాన కురుస్తున్న ఒక రైల్వే క్వార్టరులో, ఒక పెద్దాయన నా ముందు ఇంగ్లీషు కాగితం ఒకటి పెట్టారు. ఆయన వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవారు. పుట్టింది ఇక్కడే, తాతగారిది మాత్రం శ్రీకాకుళం వైపు. ఊళ్లోని తెలుగు క్రైస్తవ సంఘాలలో ఒకదానికి చాలా ఏళ్లుగా పెద్ద. ఇప్పుడు కొడుకు క్వార్టరులో ఉంటున్నారు.

"అమ్మా, మీరు అనువాదాలు చేస్తారట గదా. ఈ ఒక్క వాక్యం తెలుగులో కావాలి. రేపు ఆరాధన అయినాక కూటమి ఉన్నది. పిల్లలకు ఇంగ్లీషూ బెంగాలీ వచ్చు. మా ఈడు వాళ్లకే చదివి వినిపించాలి."

అది 1950 ఆగస్టు 10వ తేదీన రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరా. హిందూ మతం కాక వేరొక మతానికి చెందినవారెవరూ షెడ్యూల్డు కులస్థులుగా పరిగణింపబడరని దాని సారాంశం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ పేరాలో చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటనే ఉండిపోయారు. ఏటా ఆగస్టు 10ని దళిత క్రైస్తవులు 'బ్లాక్ డే'గా పాటించడం ఇందువల్లనే.

పది నిమిషాల పని అనుకున్నాను. ఒక్క క్రియాపదం దగ్గర కలం ఆగిపోయింది. ఇంగ్లీషులో ఆ మాట 'ప్రొఫెస్'. మతాన్ని నమ్మడమా, ఆచరించడమా, అవలంబించడమా? 1960 దశకంలో నాగపూరు ప్రాంతపు ఎన్నికల తగాదా ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, బౌద్ధం స్వీకరించిన ఒక అభ్యర్థి విషయంలో న్యాయమూర్తులు ఈ మాటనే విప్పి చూశారు. మనసులో ఏమున్నదన్నది కాదు, తన మతం ఇదని నలుగురిలో వెల్లడించుకున్నాడా అన్నదే ప్రశ్న అని తేల్చారు. 'అవలంబించు' అని వ్రాసి కొట్టివేశాను. 'ప్రకటించు' అని వ్రాసి అదీ కొట్టివేశాను. ఆ రాత్రికి కాగితం అసంపూర్తిగానే నా సంచిలో ఉండిపోయింది.

ఖరగ్‌పూరు పేరు చెప్పగానే దేశంలో చాలామందికి ఐ.ఐ.టి. గుర్తుకు వస్తుంది, రైల్వేవారికైతే, 2013 వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందిన ప్లాట్‌ఫారం. తెలుగువారికి ఇది చుట్టాల ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే పంతొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడ జంక్షను కట్టి, తరువాత వర్కుషాపు నెలకొల్పినప్పుడు, వాల్తేరు లైను మీదుగా ఉత్తర కోస్తా పల్లెలనుంచి జనం రైలెక్కి వచ్చారు. కొలిమి దగ్గర, బాయిలరు దగ్గర, పట్టాల మీద, పాకీపనిలో కుదురుకున్నారు. గోల్‌బజారులో బేరం నేటికీ తెలుగులో సాగుతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే, దానికి ఈ ఊరి జనాభాయే ముఖ్య కారణం.

అలా వచ్చినవారిలో మాల, మాదిగ, రెల్లి కుటుంబాలు ఎన్నో. వారిలో కొందరు మూటతోబాటు బైబిలు కూడా తెచ్చుకున్నారు. కొందరు ఇక్కడికి వచ్చినాక విశ్వాసులయ్యారు. కులం మాత్రం టిక్కెట్టు లేకుండానే వచ్చింది.

ఈ ఊరివారికి చిక్కు రెండింతలు. షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రానికి ఒకటి. మన రాష్ట్రంలో జాబితాలో ఉన్న కులానికి పొరుగు రాష్ట్రంలో ఆ గుర్తింపు ఉండాలని లేదు. గుంటూరు జిల్లాలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన ఒక కుటుంబం తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయికి వెళ్లగా, కొడుకు వైద్య విద్యలో రిజర్వుడు సీటు కోరాడు. వలస వచ్చిన రాష్ట్రంలో ఆ హక్కు వర్తించదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్వరాష్ట్రపు గుర్తింపు చెల్లుతుంది గనుక రైల్వే కుటుంబాలు కొంత ఊపిరి పీల్చుకున్నాయి. కానీ క్రైస్తవుడినని కాగితం మీద వ్రాసుకుంటే ఆ దారీ మూసుకుపోతుంది.

అందుచేత చాలామంది వ్రాసుకోలేదు. ఇది అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 జనగణన ప్రకారం క్రైస్తవులు సుమారు 11 లక్షల 82 వేలు. 2011 నాటికి సుమారు 11 లక్షల 30 వేలు. ఆ పదేళ్లలో కోస్తా జిల్లాల్లో కొత్త చర్చీలు వెలిసిన తీరు చూసినవారెవరూ క్రైస్తవుల సంఖ్య తగ్గిందంటే నమ్మరు. ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు. దీనిని మోసమనేవారు ఉన్నారు, బ్రతకనేర్చిన తెలివి అనేవారూ ఉన్నారు. నేనైతే దీనిని ఒక శిక్ష అంటాను. ప్రార్థన చేసుకునే పేరును బిడ్డ చదువు కోసం దాచుకోవలసిన మనిషికి రోజూ పడుతున్న శిక్ష.

ఆదివారం కూటమికి ముప్పై నలభైమంది వచ్చారు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసి ప్రక్కకు కూర్చున్నారు. విషయం ఒక విజ్ఞాపన. మతం మారిన దళితులకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వవచ్చునా అన్నది పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది. దానికి సంఘం తరపున ఒక ఉత్తరం పంపాలని యువకుల పట్టు. అంతకు నాలుగు నెలల క్రితం, మార్చి 24న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇదే కోరుతూ తీర్మానం చేసింది. ఆ ఉత్సాహం ఇక్కడిదాకా ప్రాకింది.

తగవు వచ్చింది ఉత్తరంలోని ఒక్క వాక్యం మీద: "మా సంఘాలలో నేటికీ కులభేదం ఉన్నది."

ముందు వరుసలోంచి ఒక వృద్ధుడు లేచారు. "ఇది నేను ఒప్పను. క్రీస్తునందు కులం లేదని మా అయ్య ఊరి మునసబు ముఖం మీద చెప్పి చెప్పుదెబ్బలు తిన్నాడు. ఆ మాట కోసమే గదా మనం ఈ మార్గంలోకి వచ్చింది! ఇప్పుడు సర్కారుకు మనమే ఉన్నదని వ్రాసియిస్తే, మా అయ్య తిన్న దెబ్బలకు అర్థమేమిటి?"

ఎవరూ మాట్లాడలేదు. బయట షెడ్డు వైపునుంచి ఇంజను కూత ఒకటి వినిపించింది.

ఆ వృద్ధుని మాటను తేలికగా త్రోసివేయరాదు. తెలుగు క్రైస్తవ చరిత్రలో గర్వించదగిన ఘట్టాలన్నీ ఆయన వైపునే ఉన్నాయి. 1860 దశకంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పాఠశాల పెట్టినప్పుడు అగ్రవర్ణాల పిల్లలు వచ్చారు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొంది, అతని వెంట అతనివారు రాసాగేసరికి, వీరిని చేర్చుకుంటే మేము రామని పెద్దలు షరతు పెట్టారు. క్లౌ మాదిగలను ఎంచుకున్నాడు; బడి ఖాళీ అయింది. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న నింద రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో మునిగి లేచారు. కులం ముందు తల వంచకపోవడమే ఆ సంఘాలకు పునాదిరాయి. పునాదిరాయి పగిలిందని ఎవరు వ్రాసియిస్తారు?

కానీ రాయి పగిలిన సంగతి కోర్టు అడిగింది. 1985 నాటి సూసై కేసు ఇదే. సూసై మద్రాసులో రోడ్డు ప్రక్కన చెప్పులు కుట్టుకునేవాడు, ఆదిద్రావిడుడు, క్రైస్తవుడు. వీధిలో పనిచేసే చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు పంచిపెట్టినప్పుడు, క్రైస్తవుడని అతనికి ఇవ్వలేదు. ప్రక్కన అదే అరె మీద అదే తోలు కుట్టే హిందువుకు ఇచ్చారు. సుప్రీంకోర్టు ఆ ఏడు సెప్టెంబరు 30న పిటిషన్‌ను కొట్టివేసింది. మతం మారినాక కూడా కులం మిగిలి ఉండడమొక్కటే చాలదు, హిందూ సమాజంలో అనుభవించిన కష్టాలు క్రైస్తవ సమాజంలోనూ అంతటి తీవ్రతతో వెన్నాడుతున్నాయని రుజువు కావాలి, అటువంటి ప్రామాణికమైన అధ్యయనమేదీ మా ముందు పెట్టలేదు అన్నది తీర్పు సారం.

అంటే, బంకు కావాలంటే తన గుడి మీద తానే సాక్ష్యం చెప్పాలి.

అప్పటినుంచి క్రైస్తవ నాయకత్వానికి ఇది తప్పించుకోలేని మెలిక అయింది. ప్రభుత్వాన్ని వేలెత్తి చూపే ముందు తమ శ్మశానాలు చూసుకోవలసి వచ్చింది. తిరుచిరాపల్లి మేలపుదూరులోని కథోలిక శ్మశానంలో దళితుల సమాధులకూ ఇతరుల సమాధులకూ నడుమ గోడ ఉన్న సంగతి దేశమంతా తెలిసింది. విళుపురం జిల్లా ఎరైయూరులో 2008లో ఒకే చర్చికి చెందిన రెండు కులాలు కొట్లాడుకుంటే పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. తెలుగు నాట గోడలు ఇంత ఎత్తున కనిపించవు. పెళ్లి సంబంధాల ప్రకటనలు చూస్తే చాలు: క్రైస్తవ వధువు కావలెను, దాని వెంటనే ఫలానా కులం. కథోలిక భారతీయ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత విధాన పత్రంలో సంఘంలో వివక్ష ఉన్నదని తానే అంగీకరించింది. ఆరేళ్లకు, 2022 ఆగస్టులో, హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. దళితులలోనుంచీ తెలుగువారిలోనుంచీ ఆ పదవికి వెళ్లిన మొదటివారు ఆయనే. ఆనందించదగిన వార్తయే, రెండు వేల ఇరవై రెండు దాకా ఆగవలసి వచ్చిందన్నది దానిలోనే ఉన్న మరొక వార్త.

ఒక విషయం ఇక్కడ చెప్పాలి. రిజర్వేషన్ల విషయంలో క్రైస్తవులు ఎప్పుడూ చేయి చాచినవారేనన్న అభిప్రాయం సరికాదు. ఖరగ్‌పూరుకు నూటపదిహేను కిలోమీటర్ల దూరాన కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రలులో 1912 డిసెంబరు 29న అభిషేకం పొంది దోర్నకల్లు బిషప్పు అయిన వేదనాయకం సామ్యూల్ అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించాడు. మతమార్పిడుల విషయంలో మాత్రం గాంధీజీతో ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయం ఉండేది. రాజ్యాంగ సభలో అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి అధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ, బెంగాలీ క్రైస్తవుడు, కలకత్తా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు (మా శాస్త్రంవాడే!), తరువాత పశ్చిమ బెంగాల్ గవర్నరు. 1949లో మత ప్రాతిపదికపై శాసనసభా స్థానాల రిజర్వేషనును వదులుకోవడంలో ఆయన ముందు నిలిచాడు.

అది ఉదాత్తమైన త్యాగం. అయితే వదులుకున్నవారు వదులుకోగలిగినవారు. శాసనసభా స్థానాలు వేరు, కులపరమైన రక్షణలు వేరు, నిజమే. క్రైస్తవుడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్న నియమం 1936 నాటి బ్రిటిషు ఉత్తర్వులోనే ఉన్నదన్నదీ నిజమే. కానీ మరుసటి ఏడాది ఆ నియమాన్నే స్వతంత్ర భారతం మళ్లీ వ్రాసుకున్నప్పుడు, గుంటూరు మాలపల్లెలకూ ఒంగోలు మాదిగపల్లెలకూ ఢిల్లీలో గొంతు లేదు. క్రైస్తవుల తరఫున మాట్లాడినవారిలో ఎక్కువమంది అటువంటి పల్లెలు ఎరుగనివారు.

ఎరిగినవాడు ఒకడు వినుకొండలో పుట్టాడు. గుఱ్ఱం జాషువ క్రైస్తవ కుటుంబంలో పెరిగి పురాణేతివృత్తాలమీద పద్యాలు వ్రాస్తే క్రైస్తవ పెద్దలకు కోపం వచ్చింది. పద్యం చదివితే సభలో కులం అడిగినవారు ఇటు వైపు. రెండు తలుపులూ మూసుకుపోయిన మనిషి సందేశం మోయడానికి గబ్బిలాన్ని వెతుక్కున్నాడు. క్రీస్తు చరిత్ర వ్రాసి సాహిత్య అకాడమీ పురస్కారం పొందినదీ ఆయనే.

తలుపుల మాట వచ్చింది గనుక గుంటూరు వైద్య కళాశాల కేసు కూడా చెప్పుకోవాలి. మాదిగలైన తల్లిదండ్రులు క్రైస్తవులయ్యారు. కొడుకు 1973లో హిందూ మతం స్వీకరించి, షెడ్యూల్డు కులస్థుడిగా వైద్య కళాశాలలో సీటు సంపాదించాడు. పుట్టుకతో హిందువు కాడని కళాశాల సీటు రద్దుచేసింది. 1976లో సుప్రీంకోర్టు ఆ విద్యార్థి పక్షాన తీర్పు చెప్పింది: తిరిగి వచ్చినవానిని కులస్థులు తమవాడిగా అంగీకరిస్తే కులం తిరిగి వస్తుంది. చదివినకొద్దీ ఆశ్చర్యం కలిగే వాదన. కులం క్రైస్తవంలోకి వెళ్లినప్పుడు నిద్రపోయి, గడప దాటి వెనక్కు రాగానే మేల్కొంటుందన్నమాట. నడుమ కాలంలో ఊరివారు అతనిని ఏ బావిలో నీళ్లు తోడుకోనిచ్చారో ఎవరూ అడగలేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1970లో మధ్యేమార్గంగా, షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గంగా చేర్చి ఒక శాతం రిజర్వేషను ఇచ్చింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డు కుల హోదానుంచి మతాన్ని పూర్తిగా విడదీయమన్నది; కమిషన్ కార్యదర్శి ఆశాదాస్ మాత్రం అసమ్మతి తెలిపారు. అవతలి వాదంలోనూ బలం లేకపోలేదు. హిందూ దళితులలో చాలామంది భయం, ఉన్న పదిహేను శాతంలోకి మిషన్ బడులలో చదువుకున్నవారు దిగితే తమ పిల్లలకు ఏమి మిగులుతుందని. ఆ భయం ఖరగ్‌పూరులోనూ విన్నాను, అదే బస్తీలో, అదే కులంవారి నోట, అదే కుళాయి దగ్గర. దానికి జవాబు చెప్పకుండా క్రైస్తవ సంఘాలు ఎన్ని ఊరేగింపులు తీసినా ప్రయోజనం తక్కువ. వాటా పెంచమని కలిసి అడగవచ్చు గదా అన్నాను ఒక యువకునితో. "కలిసి అడగాలంటే కలిసి కూర్చోవాలి గదండీ" అన్నాడు.

తిరిగి కూటమికి వస్తాను. మౌనాన్ని ఛేదించింది వెనుక వరుసలోని ఒకామె. నలభై ఏళ్లుంటాయి, రైల్వే ఆసుపత్రిలో పని.

"తాతగారూ, మీ అయ్య దెబ్బలు తిన్నది కులం లేదన్నందుకు. మరి మా అన్న ఈ సంఘంలోనే ఆ వీధివాళ్ల అమ్మాయిని అడిగితే, వాళ్లు ఏమన్నారో మీరు విన్నారు. మధ్యవర్తిగా వెళ్లింది మీరే. వాళ్లు మన విశ్వాసులే. మీ ప్రక్కనే కూర్చుని ప్రభువు బల్ల తీసుకుంటారు. కులం లేకపోతే ఆ రోజు మీరు వాళ్ల గుమ్మంలోనుంచి ఎందుకు వెనక్కు వచ్చారు?"

ఆ వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. తలలు వంచుకున్నారే గాని లేచి వెళ్లలేదు. ఇరుపక్షాలూ మూడవ పేరా బాధితులే. ఒకరు మాల, ఒకరు మాదిగ. అణగినవారిలోనూ మెట్లు ఉంటాయన్న సంగతి ఏ విజ్ఞాపనలోనూ వ్రాయరు.

వృద్ధుడు చాలాసేపటికి అన్నారు: "వ్రాయండి. కానీ సర్కారుకు ఫిర్యాదులాగా వద్దు. మనం బాప్తిస్మం ముందు ఎలా చెబుతామో అలా వ్రాయండి."

నాకు అర్థం కాలేదు. శనివారం కాగితం తెచ్చిన పెద్దాయన వివరించారు. తెలుగు క్రైస్తవులు ఎప్పటినుంచో వాడుతున్న మాట ఒకటి ఉన్నది: ఒప్పుకొను. ప్రభువును ఒప్పుకోవడమూ అదే మాట, పాపం ఒప్పుకోవడమూ అదే మాట. రెండూ నలుగురిలో, నోటితో చేసేవి.

సంచిలోనుంచి నా కాగితం తీశాను. 'హిందూ మతము కాక వేరొక మతమును ఒప్పుకొనిన వ్యక్తి' అని పూర్తిచేశాను. ఉత్తరంలోని వాక్యాన్ని వారు 'మా సంఘములలో నేటికిని కులభేదము ఉన్నదని ఒప్పుకొనుచున్నాము' అని మార్చుకున్నారు. కొందరు సంతకం చేశారు, కొందరు వ్రేలిముద్ర వేశారు. కొందరు చేయలేదు, వారి పిల్లలకు షెడ్యూల్డు కుల ధ్రువపత్రాలు ఉన్నాయి. వారిని ఎవరూ బలవంతం చేయలేదు. వృద్ధుడు అందరికన్నా చివర చేశారు.

తరువాతి కాలం వారికి అనుకూలించలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసొకదానిలో, బాప్తిస్మం పొంది చర్చికి వెళుతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అన్నది. 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్లుగా పాస్టరుగా ఉన్న ఒకాయన తనను కులం పేరుతో దూషించి కొట్టారని పెట్టిన కేసులో అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదన్నది. చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా సరే. కొట్టినవారు ఏ కులం చూసి కొట్టారో అన్న నా సందేహం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ మే నెలలో ఖరగ్‌పూరునుంచి ఫోను వచ్చింది. "అమ్మా, హైకోర్టు తీర్పు పేపర్లో చూశాం. అదీ మాకు తెలుగులో కావాలి. ఆ మాట దానిలోనూ ఉన్నది, చూశారా?" ఉన్నది. ఈసారి కలం ఆగలేదు.